మూడు ముక్కల కాపీ

ఆ కాగితం ప్రూఫమ్మకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ముదురు మెరూన్ రంగు కాగితం, దాని మీద నల్లటి అంకెలు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఏటవాలుగా పట్టుకుని, కళ్ళు చికిలించుకుంటే గానీ ఏ గడిలో ఏముందో తెలిసేది కాదు. జిరాక్స్ తీస్తే పెనం అడుగులా నల్లగా వచ్చేది. కావాలనే అలా అచ్చు వేశారు మహానుభావులు, దొంగ కాపీలు తీసేవాళ్ళ ఆట కట్టించడానికి. దొంగల సంగతేమో గానీ, డబ్బు పోసి కొనుక్కున్న వాళ్ళకు మాత్రం కళ్ళద్దాలు వచ్చాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ కంప్యూటర్ల వాళ్ళు పుట్టకముందే ఎలా పుట్టిందో అర్థం కాదు.

ప్రూఫమ్మ ఆ ప్రెస్సులో చేరి ముప్ఫై మూడేళ్ళు. ప్రూఫులు దిద్దడంలో ఆమె కన్ను తప్పించుకున్న తప్పు లేదని ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఎవరైనా అడిగితే ఆమే ఒక క్షణం ఆగి చెబుతుంది. ఆమె చేరిన కొత్తలో కంపోజింగ్ గదిలో ముగ్గురు ఆడవాళ్ళు ఉండేవారు. పెద్దక్క అందరికంటే సీనియరు, సీసం అక్షరాలు చేత్తో పేర్చిన కాలం నాటి మనిషి. రెండోది మెరుపు. కీబోర్డు మీద ఆ పిల్ల వేళ్ళు ఎక్కడున్నాయో కంటికి ఆనేవి కావు. మూడోది ప్రూఫమ్మ.

అప్పుడే ఓనరుగారు అచ్చు అక్షరాలు కూర్చే ప్రోగ్రాం కొన్నారు. కొత్త అచ్చు యంత్రం ఒకటి వచ్చేంత ఖరీదు. ఒక అట్టపెట్టెలో ఆరు ఫ్లాపీలు, ఒక చిన్న పుస్తకం, ఆ మెరూన్ కాగితం వచ్చాయి. కాగితంలో ముప్ఫై వరుసలు, వరుసకు పది గడులు, గడికి నాలుగంకెలు. ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా తెర మీద ఒక ప్రశ్న వచ్చేది. పదిహేడో వరుస, ఆరో గడి, అంకె ఎంత? చెబితే లోపలికి రానిచ్చేది. మూడుసార్లు తప్పు చెబితే కంప్యూటరే బిగుసుకుపోయేది. కరెంటు పోయినా, ఎవరి చెయ్యి తగిలి స్విచ్చి ఆరినా మళ్ళీ మొదటినుంచీ అదే తంతు. సొంత ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు అని అడిగినట్టుండేది.

ఓనరుగారు నీతికి కట్టుబడ్డ మనిషి, దానికి రెట్టింపు భయస్థుడు. ఆ కాగితం పోతే ప్రోగ్రాం పోయినట్టే కదా అని దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆయన వస్తే బీరువా తెరుచుకోవాలి, బీరువా తెరుచుకుంటే ప్రోగ్రాం తెరుచుకోవాలి. ఆయనేమో తొమ్మిదింటికి వస్తానని పదకొండింటికి వచ్చే రకం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం దాకా ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చుని జడలు వేసుకున్నారు. శుభలేఖల వాళ్ళు వచ్చి, ముహూర్తం దాటాక ఇస్తారా అని కేకలేసి పోయారు.

పళ్ళ డాక్టరు రోజున పెద్దక్కకు విసుగు నషాళానికి అంటింది.

"ఇట్లా కుదరదే. ఆ కాగితం మనం రాసుకోవాలి" అంది.

"కాపీ చేస్తే నేరమని ఓనరుగారు వెయ్యిసార్లు చెప్పారు కదక్కా" అంది ప్రూఫమ్మ. ఆమెకు అప్పటికి ఉద్యోగం ఖాయమై రెండు నెలలు.

"కాపీ అంటే ఏంటే? మొత్తం ఉంటే కాపీ. నేను పది వరుసలు రాసుకుంటాను, నువ్వు పది, అది పది. ఎవరి దగ్గరా కాపీ లేనట్టే కదా. ముక్క ఉన్నంత మాత్రాన దొంగలమవుతామా?"

ఆ లాయరు వాదనకు మెరుపు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఒప్పుకుంది. మర్నాడు కాగితం బయటికి వచ్చినప్పుడు, ఓనరుగారు ఫోనులో ఉన్నంతసేపూ ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడి ఎవరి వరుసలు వాళ్ళు పెన్సిలుతో రాసుకున్నారు. వారం రోజుల్లో పని పూర్తయింది. మొదటి పది వరుసలు పెద్దక్కవి, నడిమి పది ప్రూఫమ్మవి, చివరి పది మెరుపువి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, పళ్ళ నొప్పితో ఉన్న ఓనరుగారు ఎక్కడ పట్టగలరు?

ఆ రెండేళ్ళూ ప్రూఫమ్మకు ప్రెస్సంటే పుట్టింటికి పోయినంత ఇష్టం. ఉదయం మిషను ఆన్ చేయగానే ముగ్గురూ తెర ముందు మూగేవారు. ప్రశ్న ఎవరి వరుసలోంచి వస్తే ఆ రోజు వాళ్ళు టీ తేవాలి. ఆ ప్రోగ్రాంకి తెలివి తక్కువో, బద్ధకం ఎక్కువో, పొద్దున్నపూట తిప్పి తిప్పి ఓ పది పన్నెండు ప్రశ్నలే అడిగేది. పన్నెండో వరుస నాలుగో గడి అయితే వారానికి రెండుసార్లు. "మళ్ళీ నీ పన్నెండేనే, లే, ఫ్లాస్కు పట్టుకో" అని పెద్దక్క ఆమెను తరిమేది. ఎవరైనా ఒకరు సెలవు పెడితే వాళ్ళ ముక్క వాళ్ళతోపాటే పోయేది. అప్పుడు వేరే వరుస వచ్చేదాకా మిషను ఆపి, వేసి, ఆపి, వేసి కూర్చునేవారు. పని నష్టమే. కానీ ఆ నష్టంలోనే ఎన్ని కబుర్లు. ఇప్పుడు వేలు తాకితే తెరుచుకునే కంప్యూటర్లు వచ్చాయి, కబుర్లకు సందే లేదు.

భోజనాల వేళ మిషను ఖాళీగా ఉంటే సొంత పని చేసుకోవచ్చని ఓనరుగారు చెప్పారు. ఆ అరగంట మెరుపుది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఇంటికి వచ్చిన రోజు దారిలో చూసినవన్నీ కథలు కథలుగా చెప్పేవాడట. ఆయన పోయాక అవి మర్చిపోతానేమోనని మెరుపుకు భయం పట్టుకుంది. కాగితం మీద రాయడం లేదు, చిత్తు లేదు. తలలో ఉన్నది నేరుగా తెర మీద కొట్టేసేది. నలభై పేజీలు దాటాక, "అయిపోవచ్చిందే. అయిపోయాక అచ్చు వేసి మొదటి ప్రూఫు నీకే ఇస్తాను" అంది ఒకరోజు.

ఆ ప్రూఫు రాలేదు.

ప్రోగ్రాం అమ్మిన కంపెనీ వాళ్ళ మనిషి ఒకాయన తనిఖీకని వచ్చాడు. మర్యాదస్తుడే. కీబోర్డులో దుమ్ముందని దాన్ని ఎత్తి తిరగేసి తట్టబోయాడు. కింద నాలుగు మడతల కాగితం ఉంది. విప్పాడు. ఇరవై ఒకటో వరుస నుంచి ముప్ఫయ్యో వరుస దాకా గుండ్రటి చేతిరాత.

ఓనరుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరిదమ్మా ఇది?" అన్నారు.

"నాదండి" అంది మెరుపు.

"మిగతావి? మిగతా వరుసలు ఎవరి దగ్గరున్నాయి?"

మెరుపు ఏమీ చెప్పలేదు. పెద్దక్క తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. ప్రూఫమ్మ కూడా అంతే. ఇంట్లో భర్త ఉద్యోగం పోయి నాలుగు నెలలు, చంటిపిల్ల, ఆ ఇల్లంతా ఆమె కుర్చీ మీద నిలబడి ఉంది. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలన్నిటినీ ఆమె తర్వాత ఎన్నోసార్లు వరసగా పేర్చుకుని చూసుకుంది, ఎన్నిసార్లు పేర్చినా పిరికితనం అన్న మాట వాటి కింద కనబడుతూనే ఉండేది. గంట తిరక్కుండా మెరుపు సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటిందో లేదో ప్రూఫమ్మ తన ముక్కను చించి, చించినదాన్ని మళ్ళీ చించి, సిరా గుడ్డల డబ్బాలో కుక్కింది. పెద్దక్క తనదేం చేసిందో ప్రూఫమ్మ అడగలేదు. పెద్దక్క కూడా అడగలేదు. రిటైరై, తర్వాత పోయిందాకా పెద్దక్క ఆ మాట ఎత్తలేదు.

మెరుపు నాన్న కథలు మాత్రం మిషన్లోనే ఉండిపోయాయి. ప్రోగ్రాం తెరవగానే కనిపించే జాబితాలో నాలుగో పేరు, 'నాన్న'. రోజూ కనబడేది. ప్రూఫమ్మ దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిస్తే అచ్చు వేయాలి, వేస్తే తీసుకెళ్ళి ఇవ్వాలి, ఇవ్వాలంటే ఎదురుగా నిలబడాలి. అది చేతకాక ఇంకో పని చేసింది. ఏడాదికొకసారి ఆ ఒక్క ఫైలును కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి, పైన 'పాత బిల్లు ఫారాలు' అని చీటీ అంటించి, బిస్కెట్ డబ్బాలో దాచింది. ప్రోగ్రాంనైతే కాపీ తీయనివ్వరు గానీ, అందులో మనం కొట్టిన మాటలను తీసుకోవచ్చు కదా. పదకొండేళ్ళలో పదకొండు ఫ్లాపీలు. తర్వాత ప్రెస్సులోకి కొత్త కంప్యూటర్లు, కొత్త ప్రోగ్రాంలు వచ్చాయి. పాత మిషను దుప్పటి కప్పుకుని మూలకు చేరింది.

మెరుపు ఎక్కడికో పోయిందా అంటే, లేదు. బస్టాపు అవతల రెండో వీధిలో ఉంది. జిరాక్స్, లామినేషన్, బైండింగ్ షాపు పెట్టుకుంది. కాపీ తీసిందని పనిలోంచి తీసేస్తే కాపీలు తీయడమే పని చేసుకుంది, మొండిఘటం. ఆ వీధిలోంచి వెళితే ఇల్లు ఐదు నిమిషాలు దగ్గర. ప్రూఫమ్మ ముప్ఫై ఒక్కేళ్ళూ చుట్టూ తిరిగి వెళ్ళింది.

ఈ ఏడు ప్రెస్సు మూతపడుతోంది. ఓనరుగారు మంచం మీద ఉన్నారు. వాళ్ళమ్మాయి వచ్చి సామాను అమ్మకానికి పెట్టింది, తూకానికి కొనేవాళ్ళు శనివారం వస్తామన్నారు. బీరువా ఖాళీ చేసే పని ప్రూఫమ్మకు పడింది. అడుగు అరలో ఆ అట్టపెట్టె కనబడింది. ఫ్లాపీలకు బూజు పట్టింది. మెరూన్ కాగితం ప్లాస్టిక్ కవరుకు అతుక్కుపోయింది, లాగితే అంకెలు పెచ్చులు పెచ్చులుగా ఊడి కవరుతో వచ్చాయి, కాగితం అడుగునే ఉంది. అంత భద్రంగా దాచిన వస్తువు భద్రతతోనే పోయింది. పెట్టె అడుగున ఆ చిన్న పుస్తకం ఉంది, మడత కూడా నలగని పుస్తకం.

ముప్ఫై మూడేళ్ళు పొద్దస్తమానం చదివిన మనిషి. పంచాంగాలు చదివింది, మందుల కరపత్రాలు చదివింది, తలా తోకా లేని కవిత్వాలకు కామాలు పెట్టింది. దీన్ని మాత్రం ఎవరూ ప్రూఫుకు పంపలేదు కాబట్టి ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు కూడా అలవాటుకొద్దీ భూతద్దం తీసి, తప్పులేమైనా ఉన్నాయేమోనని మొదలుపెట్టింది. తొమ్మిదో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. కొనుగోలుదారు తన సొంత భద్రత కోసం ఈ పెట్టెలోని సమస్తానికీ ఒకే ఒక్క నకలు తీసి ఉంచుకోవచ్చును.

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. ఒకే ఒక్క నకలు. మూడు ముక్కలూ కలిపితే సరిగ్గా ఒక్కటి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పెద్దక్క తెలియక చెప్పిన లాయరు మాట కొలిచి కోసినట్టు సరిపోయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రూఫమ్మ ఆ ఇనప బీరువా ముందు చాలాసేపు ఏడ్చింది.

ఇంక ఆగకూడదనిపించింది. ఫైలు తీయాలి, తీసుకెళ్ళి ఇవ్వాలి, ఈ పేజీ చూపించాలి. ఇవన్నీ శనివారంలోగా జరగాలి.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ను వీధిలో అందరూ డాక్టరంటారు. యాభై దాటిన మనిషి, ఆస్తమా. ఇన్‌హేలరు పీలుస్తూ పాత మిషను విప్పి, దుమ్ము దులిపి, రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి ప్రాణం పోశాడు. బిస్కెట్ డబ్బాలో పదకొండు ఫ్లాపీలూ ఒకదాని తర్వాత ఒకటి మొండిచెయ్యి చూపించాయి. మిషన్లో ఉన్న ఒక్కటే మిగిలింది. ప్రోగ్రాం లేచింది. లేచీ లేవగానే తెర మీద ప్రశ్న. రెండో వరుస, తొమ్మిదో గడి.

"ఇదేంటమ్మా, ఇంకా అడుగుతోందా?" అన్నాడు డాక్టరు. "అమ్మిన కంపెనీయే లేదు ఇప్పుడు. మూతపడి పదిహేనేళ్ళయింది."

"ఇంట్లోవాళ్ళు పోయినా కుక్క మొరుగుతూనే ఉంది, ఏం చేస్తాం."

"బీగం పగలగొట్టేస్తాను. వారం టైమివ్వండి."

"వారం లేదు. నీకు తెలుసో లేదో గానీ బాబూ, ఇది పగలగొట్టే బీగం కాదు, ఓపిక పట్టే బీగం. ఆపి మళ్ళీ వెయ్యి."

ఆపి వేశాడు. ఇరవై ఆరో వరుస. ఆపి వేశాడు. ఎనిమిదో వరుస. ఒక్కొక్కసారీ నాలుగు నిమిషాలు. తనవైన నడిమి పది వరుసలు రావాలని ఆమె కాచుకుంది గానీ, పదిహేనో వరుస వచ్చేసరికి తెల్లమొహం వేసింది. ఆ ముక్క చించిన రోజే తలలోంచి కూడా చెరిగిపోయింది. పంతొమ్మిది వచ్చింది, అదీ తెలియలేదు. డాక్టరు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

"మీరు ఇంతలా కష్టపడుతున్నారంటే ఎవరిదో పెద్ద పుస్తకమై ఉంటుంది" అన్నాడు.

"లారీ డ్రైవరుది" అంది ప్రూఫమ్మ. "ఆయన కూతురు మా గదిలో ఉండేది. పొద్దున్నే ముగ్గురం ఈ ప్రశ్న కోసం పందెం కాసేవాళ్ళం. పాపం నాకే ఎక్కువ పడేది, ఫ్లాస్కు పట్టుకుని టీకి నేనే..." అంటూ డాక్టరు వైపు తిరిగి చెబుతూనే ఉంది. ఈలోగా మిషను మళ్ళీ లేచి వేసిన ప్రశ్న ఆమె కంటి చివర పడింది. కీబోర్డు మీద చేతులు మాత్రం తిరగలేదు. నాలుగు అంకెలు కొట్టి, ఎంటర్ కూడా కొట్టేశాయి.

తెర మీద పన్నెండో వరుస నాలుగో గడి మాయమైంది. జాబితా వచ్చింది. నాలుగో పేరు, 'నాన్న'.

"ఏం కొట్టారమ్మా?" అన్నాడు డాక్టరు.

"తెలియదు" అంది ప్రూఫమ్మ, తన వేళ్ళ వంక చూసుకుంటూ. నిజంగానే తెలియదు. ఇంకోసారి అడిగినా చెప్పగలిగేది కాదు.

నలభై ఒక్క పేజీలు. అచ్చు వేసిన కాగితాలను వచ్చినవి వచ్చినట్టే బోర్లించి పెట్టింది. జీవితంలో చదవకుండా వదిలేసిన ప్రూఫు అదొక్కటే. అది తనది కాదు, చదివే హక్కు తనకు లేదనిపించింది. కట్టకు దారం కట్టి, పుస్తకం పైన పెట్టి సంచిలో వేసుకుని, శుక్రవారం పది గంటలకు బస్టాపు అవతలి రెండో వీధిలోకి నడిచింది. అరవై దాటిన మనిషికి పరీక్ష హాల్లోకి వెళ్ళినట్టుండటం సిగ్గుగా అనిపించింది.

షాపు ఇరుకు. రెండు జిరాక్స్ మిషన్లు, గోడ వెంట కాగితం కట్టలు, కౌంటరు మీద కత్తెర, జిగురు సీసా, స్టేప్లరు. ఒకాయన పొలం కాగితాలు కాపీ తీయించుకుంటున్నాడు. కౌంటరు వెనక మెరుపు జుట్టు మొత్తం నెరిసింది, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. కాగితాలు తిరగేసే వేళ్ళు మాత్రం ఇప్పటికీ కంటికి ఆనవు. తలెత్తి చూసింది. గుర్తుపట్టింది, ఆ సంగతి ప్రూఫమ్మకు తెలిసింది. పొలం కాగితాలాయన పని పూర్తిచేసి పంపించి, కౌంటరు తుడిచి, అప్పుడు అడిగింది.

"ఎన్ని కాపీలు?"

"తీయించుకోడానికి రాలేదు. ఇవ్వడానికి వచ్చాను" అని ప్రూఫమ్మ కట్ట కౌంటరు మీద పెట్టింది.

మెరుపు కళ్ళద్దాలు పెట్టుకుని దారం విప్పింది. పైపేజీ తిప్పింది. ఆమె పెదవులు కదలడం ప్రూఫమ్మ చూసింది. రెండో పేజీ, మూడో పేజీ. ఒకచోట ఆగి, ఎవరితోనో అన్నట్టు పైకి చదివింది. "బ్రేకు పడకపోతే ఊరికే కంగారు పడకు. బండి కంటే ముందు నువ్వు ఆగు. తర్వాత ఎక్కడ ఎత్తుందో వెతుక్కో." చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ మాట పోయిందనుకున్నానే" అంది. "ఎత్తు అన్నాడా, గట్టు అన్నాడా అని ఎన్నేళ్ళు కొట్టుకున్నానో."

ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించింది. "ఇన్నాళ్ళూ ఉందా ఇది?"

"ఉంది."

"నీకు తెలుసా?"

"తెలుసు. రోజూ పేరు చూసేదాన్ని. తెరవలేదు."

మెరుపు విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఉంది. ప్రూఫమ్మ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, తొమ్మిదో పేజీ తెరిచి, వాక్యం కింద వేలు పెట్టి చూపించింది.

"ఇది చూడు. ఒక కాపీ మనకు హక్కేనే. మూడు ముక్కలూ కలిపితే ఒక్క కాపీ. నువ్వు తప్పు చేయలేదు, ఎవరం చేయలేదు. బీరువాలో మూలుగుతూ ఉంది ఈ పుస్తకం. ఒక్కరం చదివి ఉంటే..."

"నేను చదివాను" అంది మెరుపు.

ప్రూఫమ్మ వేలు ఆ వాక్యం మీదే ఉండిపోయింది.

"పెట్టె వచ్చిన రోజే చదివాను. ఓనరుగారు విప్పుతుంటే చేతిలోకి తీసుకున్నాను కదా. అందుకే పెద్దక్క ముక్కలు చేద్దామంటే నవ్వాను. ఇదే సరైన లెక్క, ఈవిడకు తెలియకుండానే తెలిసిందే అనుకున్నాను."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఇది మేం ఉంచుకోదగ్గ ఒకే ఒక్క కాపీ అనాలి. అంటే మిగతా రెండు ముక్కలు ఏవి అంటారు. మూడూ బల్ల మీద పెడితేనే ఒక్కటని తేలుతుంది. నా ముక్క ఒక్కటే చూపిస్తే, ఇంకెన్ని కాపీలు ఊళ్ళో తిరుగుతున్నాయో అనే కదా ఆయన భయం." మెరుపు కాగితాల అంచులు సరిచేస్తూ చెబుతోంది, గొంతులో కోపం లేదు. "మీ పేర్లు నేను చెప్పకూడదు. మీరే లేచి తెస్తారేమోనని చూశాను. మీలో ఒక్కరు లేస్తే రెండోవాళ్ళూ లేస్తారు, అప్పుడు పుస్తకం తీసి చూపిద్దామనుకున్నాను. సంచి సర్దుకోవడానికి అంతసేపు ఎందుకు పట్టిందనుకున్నావు? అందులో ఉన్నది ఒక టిఫిను డబ్బా, ఒక గొడుగు."

ప్రూఫమ్మ పుస్తకం మూసింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా తను మోసిన తప్పు ఒక సైజుది. ఇది దానికంటే పెద్దది. ఏ చట్టమూ మెరుపును బయటికి నెట్టలేదు, ఏ కంపెనీ మనిషీ నెట్టలేదు. అదే గంటలో తను చించి సిరా డబ్బాలో కుక్కిన ముక్క ఆ పిల్ల ఉద్యోగం.

మెరుపు కళ్ళద్దాలు తీసింది. "ఒకటడుగుతాను, చెప్పు. ఈ వాక్యం నీకు అప్పుడే తెలిసుంటే లేచేదానివా?"

లేచేదాన్నని చెప్పడానికే ప్రూఫమ్మ ఇంత దూరం వచ్చింది. ఆ మాట కోసమే పుస్తకం సంచిలో వేసుకుంది. తెలియక జరిగింది, తెలిసుంటే జరిగేది కాదు అని ఒప్పించి, ఒప్పుకుని, తేలికపడి ఇంటికి పోదామనుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గది, ఆ కుర్చీ, ఇంట్లో చంటిపిల్ల, ఓనరుగారి పాలిపోయిన ముఖం, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆ రోజు తన కాళ్ళు ఎంత బరువుగా ఉన్నాయో కూడా గుర్తుకొచ్చింది.

"లేచేదాన్ని కాదే" అంది. "తెలిసినా లేచేదాన్ని కాదు. భయమేసింది."

జిరాక్స్ కోసం ఎవరో అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది, మెరుపు చేత్తోనే ఆగమని సైగ చేసింది. తర్వాత వంగి, కౌంటరు పక్కన స్టూలు మీదున్న కాగితం కట్టలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది.

"కూర్చో" అంది. "లేచేదాన్నని చెప్పుంటే నిలబెట్టే పంపేసేదాన్ని."

ప్రూఫమ్మ కూర్చుంది.